కాటిసీనులో నిద్ర

మొన్న షూటింగ్ అయ్యాక మేకప్ కుర్రాడు తడి టిష్యూలు పట్టుకొచ్చాడు. "వద్దు నాయనా, కాస్త కొబ్బరినూనె ఉంటే చూడు" అన్నాను. వాడు నన్నోసారి వింతగా చూసి, కారవాన్లన్నీ తిరిగి, హెయిర్ డ్రెస్సర్ దగ్గర చిన్న సీసా సంపాదించుకొచ్చాడు. నూనె అరచేతిలో వేసుకుని ముఖానికి రుద్దుకుంటే, బుగ్గల మీది రంగూ, మీసం అంటించిన స్పిరిట్ గమ్మూ అందులో కరిగి ఒక వాసన వచ్చింది. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ కళ్ళు మూతలు పడతాయి. చిన్నప్పుడు ఆ వాసన వచ్చిందంటే నాటకం అయిపోయిందని, తెల్లారిందని, ఇక పడుకోవచ్చని అర్థం.

ముఖం తుడుచుకుంటుండగానే ఫోన్ మోగింది. మా హార్మోనిస్టు గారబ్బాయి.

"అన్నయ్యా, చంద్రమతి అత్తయ్య పోయింది."

ఆవిడకి అసలు పేరు వేరే ఉంది. రేషన్ కార్డులోనూ, కళాకారుల పింఛను కాగితాల్లోనూ ఆ పేరే ఉంటుంది. కానీ మా చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎవరూ ఆవిణ్ని ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. హరిశ్చంద్ర నాటకంలో మేం వేసిన వేషాలే మాకు పేర్లయ్యాయి. మా నాన్నని నక్షత్రకుడు అనేవాళ్ళు. నన్ను లోహితుడు అనేవాళ్ళు. జుట్టు తెల్లబడినా ఊరెళితే నేను ఇంకా లోహితుణ్నే. "లోహితుడు వచ్చాడ్రోయ్, మోకాళ్ళ నొప్పులట" అని చెప్పుకుంటారు.

*

మాది తెనాలికి కూతవేటు దూరంలో ఒక పల్లె. ఆ రోజుల్లో నాటకానికి కావలసిన సరంజామా అంతా తెనాలిలో దొరికేది. కిరీటాలు, భుజకీర్తులు అద్దెకిచ్చే డ్రెస్సుల వాళ్ళు, మేకప్ వాళ్ళు, హార్మోనిస్టులు, తెరలు కట్టేవాళ్ళు. మేం ఆడినవన్నీ కాంట్రాక్టు నాటకాలు. కాంట్రాక్టరు ఒక్కో వేషానికి ఒక్కొక్కరిని మాట్లాడుకుంటాడు. హరిశ్చంద్రుడు ఒక ఊరి నుంచి, విశ్వామిత్రుడు ఇంకో ఊరి నుంచి వచ్చి ఆ రాత్రికి ఒకచోట దిగుతారు. రిహార్సలన్న మాటే లేదు. పోస్టు కార్డు మీద రెండు ముక్కలు వచ్చేవి, ఫలానా తేదీ, ఫలానా ఊరు అని. అందరికీ అందరి పద్యాలూ నోటికి వచ్చు. ముఖానికి అర్దళం పూసుకుంటూ, "ఏం బావా, ఇవాళ ఆ సీను ఎత్తేద్దామా, ఉంచుదామా" అనుకోవడమే రిహార్సలు.

జనం పేరున్న నటుడి గొంతు కోసం వచ్చేవారు. అందుకని ఒకే రాత్రి ఒకే వేషానికి ఇద్దరు ముగ్గురుండేవాళ్ళు. అడవిలో ఒక హరిశ్చంద్రుడు, కాశీలో భార్యని అమ్మేటప్పుడు ఇంకొకాయన, కాటిసీనుకి అసలు పెద్దాయన. చంద్రమతి మాత్రం మొదటినుంచీ చివరిదాకా అత్తయ్యే. లోహితుణ్ని నేనే. ఒక్క రాత్రిలో నాకు ముగ్గురు నాన్నలు మారేవారు. సన్నటి నాన్న తెర వెనక్కి వెళ్ళి లావుపాటి నాన్నగా తిరిగొచ్చేవాడు. ఇదేమిటని జనంలో ఒక్కరూ అడిగేవారు కాదు. అమ్మ మారలేదు కాబట్టి నాకూ ఇబ్బంది ఉండేది కాదు.

మా సొంత నాన్న మాత్రం నక్షత్రకుడు. బాకీ వసూలు కోసం విశ్వామిత్రుడు పంపిన శిష్యుడు. హరిశ్చంద్రుణ్ని కాశీదాకా వెంటాడి, ఎండలో నిలబెట్టి, మంచినీళ్ళు కూడా తాగనివ్వకుండా పీడించే వేషం. స్టేజీ మీద అంత బాగా బాకీ అడిగిన మనిషి, ఇంట్లో ఉంటే ఎరువుల కొట్టు గుమస్తా గొంతు వినగానే పెరటి గుమ్మం లోంచి జారుకునేవాడు. అమ్మ వీధి గుమ్మంలో నిలబడి, "నక్షత్రకుడు ఊళ్ళో లేడు" అని చెప్పేది, నవ్వకుండా.

*

కాటిసీను మొదలయ్యేసరికి రాత్రి రెండు దాటేది. అప్పటికి లోహితుణ్ని పాము కరిచేసి ఉంటుంది. అత్తయ్య నన్ను చేతుల మీద మోసుకుంటూ వచ్చి స్టేజీ మధ్యలో పడుకోబెట్టేది. అక్కణ్నుంచి నా పనల్లా చచ్చిపడి ఉండడమే. గంట, గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు.

ఎందుకంత సేపంటే, కాటిసీను హరిశ్చంద్రుడి కోసమే సగం జనం బళ్ళు కట్టుకుని వచ్చి ఉంటారు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే అయినా, శ్మశానంలో పాడే పద్యాల్లో జనం ఎదురుచూసేవి జాషువా గారివి. అవి అసలు నాటకంలో లేవు, నటులు తెచ్చి కలుపుకున్నారు. డి.వి. సుబ్బారావు గారు ఆ సీను పాడుతుంటే ముసలివాళ్ళు పైపంచె నోట్లో కుక్కుకుని ఏడవడం నేను జనంలో కూర్చుని చూశాను. ఒక్కో పద్యం చివర రాగం. రాగం అయ్యాక "వన్స్ మోర్". వన్స్ మోర్ అంటే పాడేవాడికి సంబరం, హార్మోనిస్టుకి సంబరం, పందిరి కట్టించిన మోతుబరికి సంబరం. శవానికి మాత్రం ఇంకో పావుగంట.

చెక్క బల్లల స్టేజీ, దాని మీద జంపఖానా. పెట్రోమాక్స్ లైట్లకి వచ్చే పురుగులన్నీ నా మీదే రాలేవి. పైనుంచి తాడుకి కట్టిన మైకు గాలికి ఊగుతూ నా ముఖం మీద నీడ వేసేది. దోమ వాలితే తోలకూడదు, ముక్కు దురదపెడితే గోక్కోకూడదు. అన్నిటికంటే కష్టం ఊపిరి. ఎనిమిదేళ్ళ పిల్లాడు ఊపిరి పీలిస్తే పొట్ట పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది.

దానికి అత్తయ్య ఒక ఏర్పాటు చేసింది. నా పాదాల దగ్గర కూర్చుని ఏడ్చేది. జనం చూపు హరిశ్చంద్రుడి మీదికి పోయిందని చూసుకుని నా కాలి బొటనవేలు ఒక్కసారి నొక్కేది. అంటే ఊపిరి పీల్చుకో అని. ఆ లోపల కొంగు కాస్త ముందుకు జారనిచ్చి నా పొట్టకి అడ్డం పెట్టేది. రెండుసార్లు నొక్కితే, శివుడొస్తున్నాడు, మేలుకో అని. కళ్ళు మూసుకుని రెప్పల వెనక నుంచే బొడ్డు వైపు చూడమనేది. అలా చూస్తే రెప్ప కొట్టుకోదు. ఈ మాట నాకు తర్వాత ఏ యాక్టింగ్ స్కూలు వాడూ చెప్పలేదు, ఇప్పటికీ పనికొస్తోంది.

మధ్యలో ఆవిడ కన్నీళ్ళు నా చెంప మీద పడేవి. వేడిగా ఉండేవి. గ్లిజరిన్ అన్న మాట మాకెవరికీ తెలియని కాలం. ఇంత ఏడుపు రోజూ ఎక్కణ్నుంచి వస్తుందని ఒకసారి అడిగాను. "బస్సు చార్జీలు గుర్తుచేసుకుంటాన్రా" అంది.

కోటప్పకొండ తిరునాళ్ళలో శివరాత్రి జాగారం నాటకం. ప్రభల వెలుగు, మైకుల హోరు, ఇసకేస్తే రాలని జనం. పగలంతా కొండ కింద రంగులరాట్నం ఎక్కి ఒళ్ళు హూనం చేసుకున్నాను. కాటిసీనులో పడుకోబెట్టగానే నిజంగానే నిద్రపోయాను. ఆ రాత్రి నేనంత బాగా చచ్చిపోయానట, ఆడవాళ్ళు కొంగులు తడిసేలా ఏడ్చారట. శివుడు ప్రత్యక్షమై, కమండలం లోంచి నీళ్ళు చల్లి, "లే, కుమారా" అన్నాడు. నేను లేవలేదు. మళ్ళీ చల్లాడు. అత్తయ్య బొటనవేలు నొక్కింది, పిక్క గిల్లింది. నేను అటు తిరిగి పడుకున్నాను. జనంలోంచి ఎవరో, "స్వామీ, నీ వల్ల కాదు గానీ ఆరెంపీ డాక్టర్ని పిలవండి" అని అరిచారు. అంత విషాదం చివర పందిరంతా గొల్లుమంది. కాంట్రాక్టరు నాకు రావలసిన రెండు రూపాయల్లో ఒక రూపాయి కోసేశాడు. అత్తయ్య తన రూపాయి తీసి నా జేబులో పెట్టి, "ఒరే, చచ్చిపోయినా ఒక చెవి మేలుకుని ఉండాలి" అంది.

ఇంకో మాట కూడా రాయాలి. అంత ఏడిపించి, అంత మెప్పు పొందిన మనిషికి మా ఊళ్ళో లోపలికి పిలిచి అన్నం పెట్టిన ఇల్లు లేదు. నాటకాల మనిషి అనేవారు, ఆ మాటని సాగదీసి. మగవాళ్ళు వేసే నాటకం కళ, ఆడమనిషి వేస్తే ఇంకేదో. మా అమ్మ కూడా మొదట్లో అరుగు మీదే విస్తరి వేసేది. ఒకసారి పొరుగూరి నాటకంలో నాకు జ్వరం వస్తే అత్తయ్య నన్ను భుజాన వేసుకుని, ముఖాన రంగు కూడా తుడుచుకోకుండా, తెల్లవారుజామున ఆరు మైళ్ళు నడిచి ఇంటికి తెచ్చింది. ఆ పూట అమ్మ ఆవిడకి వంటింట్లో పీట వేసింది. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడొచ్చినా ఆ పీట ఆవిడదే.

*

పదమూడో ఏడు రాగానే గొంతు బొంగురుపోయింది. లోహితుడు పద్యం ఎత్తుకుంటే ఎద్దు రంకె వేసినట్టుందన్నారు. ఒక్క రాత్రిలో వేషం పోయింది. కొత్త పిల్లాడెవణ్నో తెచ్చారు. వాణ్ని చూసి కడుపు మండింది గానీ, కాటిసీనులో వాడు పొట్ట ఆడిస్తూ పడుకుంటే లోపల్లోపల సంతోషించాను.

నాన్న అప్పుడు నాకొక జాబితా చదివి వినిపించేవాడు, వంశవృక్షం చెప్పినట్టు. "నాగేశ్వరరావు గారు ఆడవేషాలు వేసి వెళ్ళారు. రామారావు గారు బెజవాడ కాలేజీలో మీసం తియ్యకుండా ఆడవేషం వేసి మీసాల నాగమ్మ అనిపించుకుని వెళ్ళారు. రంగారావు గారు, అంజలీదేవి గారు కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నుంచి వెళ్ళారు. ఈలపాట రఘురామయ్య గారు అటు స్టేజీనీ వదల్లేదు, ఇటు సినిమానీ వదల్లేదు. మద్రాసు దారి మన గ్రీన్ రూమ్ లోంచే పోతుందిరా." వెళ్ళి తిరిగొచ్చిన వాళ్ళ జాబితా మాత్రం ఎప్పుడూ చదవలేదు. అది ఇంకా పెద్దది.

కాలేజీలో ఉండగా విజయవాడ రేడియో స్టేషన్‌లో నాటకాలకి ఆడిషన్ పాసయ్యాను. నా చదువు అక్కడ మళ్ళీ మొదలైంది. చివరి బండి మీద కూర్చున్న రైతుకి వినబడాలని నాన్న నేర్పిన గొంతుతో నేను మొదటి డైలాగు చెప్పగానే అద్దం అవతల ఇంజనీరు చెవుల మీది హెడ్‌ఫోన్ పీకి పారేశాడు. "ఆ తల్లి పక్కనే కూర్చుంది బాబూ, ఆవిడ చెవిలో చెప్పు" అన్నారు పెద్దాయన ఒకరు. స్క్రిప్టు కాగితాలు కుట్టకుండా విడివిడిగా పట్టుకోవాలి, చదివేసిన కాగితం చప్పుడు కాకుండా పక్కకి జార్చాలి. నా చేతులు వణికి కాగితం గరగరమంటే, నాటకంలో అడవి సీను కాబట్టి ఆకుల చప్పుడని సరిపెట్టారు.

*

మద్రాసుకి సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాను. తెనాలి స్టేషనుకి నాన్న, అత్తయ్య వచ్చారు. నాన్న చేతిలో డబ్బు పెట్టాడు. ఎవరి దగ్గర తెచ్చాడో అడగలేదు. అత్తయ్య అరిసెల డబ్బా ఇచ్చి, "సినిమాలో లోహితుడి వేషం ఉండదు. ఏదిస్తే అది వెయ్యి" అంది.

కోడంబాకంలో ఒక గదిలో ఏడుగురం. మంచం ఒక్కటే, వంతులవారీ. పొద్దున్నే ఫోటోల ఆల్బమ్ చంకలో పెట్టుకుని వాహినీ స్టూడియో గేటు దగ్గరికి నడక, సాయంత్రం పానగల్ పార్కులో ఆ రోజు ఎవరికి ఏ కంపెనీలో వేషం దొరికిందో కబుర్లు. గేటు దగ్గర నిలబడే కళ ఒకటుంది. అడుక్కుంటున్నట్టు ఉండకూడదు, అలాగని పని లేనట్టూ ఉండకూడదు. అది నాకు చాలా బాగా వచ్చేది, దాని మీదే ఏడాదిన్నర గడిచింది.

ఒకరోజు ఒక అసిస్టెంట్ డైరెక్టర్ మా గదికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. శవం వేషం వేసేవాడు జ్వరమొచ్చి రాలేదట. "ఎవరైనా వస్తారా? డైలాగు లేదు, ముఖం కనబడుతుంది" అన్నాడు. హీరో అవ్వాలని వచ్చిన ఆరుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నేను చొక్కా వేసుకున్నాను.

ఫ్లోర్‌లో నన్ను పడుకోబెట్టి లైటింగు మొదలుపెట్టారు. స్టేజీ మీద దోమలు, ఇక్కడ టెన్ కే లైట్లు. శవానికి చెమట పడుతోందని టచప్ అబ్బాయి రెండు నిమిషాలకోసారి వచ్చి అద్దుతున్నాడు. ఫిల్ముకి ప్రాణం ఇచ్చే రోజులు. కెమెరాకి ఫిల్ము చుట్ట ఎక్కించే మ్యాగజైన్‌లో నాలుగు వందల అడుగులు, అంటే నాలుగున్నర నిమిషాలు. టేక్ పోతే ప్రొడక్షన్ మేనేజర్ ముఖం చూడలేం. ఏడ్చే ఆవిడ డైలాగు మరిచిపోయి రెండు టేకులు తిన్నది, ట్రాలీ కుదిపి ఇంకోటి పోయింది. నేను కదల్లేదు. లంచ్ బ్రేక్ చెప్పాక కూడా లేవకపోతే కెమెరామెన్ వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. డైరెక్టరు నవ్వి, "ఎక్కణ్నుంచి వచ్చావయ్యా?" అన్నాడు.

"కాటిసీను నుంచండీ" అన్నాను.

ఆయనే తర్వాతి సినిమాలో డైలాగున్న వేషం ఇచ్చాడు. అక్కడ నా పరువు పోయింది. అప్పటి కెమెరాలు గరగరమని శబ్దం చేసేవి, సెట్లో మాట ఎలా ఉన్నా తర్వాత డబ్బింగ్ చెప్పుకుంటాం. కాబట్టి అరిచినా నష్టం లేదనుకున్నాను. అరిస్తే గొంతు నరాలు ఉబ్బుతాయని, కనుబొమ్మలు నెత్తికెక్కుతాయని నాకేం తెలుసు! "వెనక బెంచీ వాడికి వినిపించక్కర్లేదయ్యా. ఇక్కడ వాడు కూడా నీ ముక్కు దగ్గరే కూర్చుని ఉంటాడు" అన్నాడు. ఆ మాట వంటబట్టడానికి నాకు నాలుగైదు సినిమాలు పట్టింది. డబ్బింగ్ థియేటర్లో ఫిల్ము ముక్కని రెండు చివర్లూ అతికించి లూప్‌గా తిప్పేవారు. నా ముఖం తెర మీద అదే మాట మళ్ళీ మళ్ళీ అంటూనే ఉండేది, పెదాలకి మాట అతికేదాకా. ఇరవై సార్లు నీ తప్పు నువ్వే చూసుకుంటే ఎవడికైనా బుద్ధి వస్తుంది.

*

ఆ తర్వాత కథ చాలామందిదే. గుమస్తా, కానిస్టేబుల్, పెళ్ళిలో పురోహితుడు, హీరోయిన్ తండ్రి పక్కన నిలబడే మనిషి. పరిశ్రమ కొంచెం కొంచెంగా హైదరాబాద్ వచ్చేసింది, దాని వెనకే మేమూ పెట్టేబేడా సర్దుకుని కృష్ణానగర్ చేరాం. 1995లో ఈటీవీ వచ్చాక సీరియళ్ళు అన్నం పెట్టాయి.

డబ్బు దగ్గర మాత్రం నాన్న వేషం నా నెత్తికెక్కింది. ఒక నిర్మాత ఇచ్చిన చెక్కు మూడుసార్లు వెనక్కొచ్చింది. రోజూ ఆయన ఆఫీసుకెళ్ళి సోఫాలో కూర్చునేవాణ్ని. ఆఫీస్ బాయ్ వచ్చి, "సార్ ఊళ్ళో లేరు" అనేవాడు, మా అమ్మలాగే నవ్వకుండా. పెరటి తలుపు ఎటుందోనని నా కళ్ళు వెతికేవి. ఆ డబ్బు రానేలేదు. నాన్నకి చెబితే, "నువ్వు సరిగ్గా వెంటపడలేదు. కాశీదాకా వెళ్ళాల్సింది" అన్నాడు.

*

అత్తయ్యని చివరిసారి చూసింది రెండేళ్ళ కిందట. మనిషి ఎండిపోయింది గానీ గొంతు అలాగే ఉంది. గోడకి టీవీ, అందులో నా సీరియల్. ఆ వారంలోనే అందులో నేను గుండెపోటుతో పోయాను. ఈ మధ్య నాకు వస్తున్నవన్నీ ఫోటోకి దండ వేయించుకునే వేషాలే.

"చూశాన్రా. బాగానే పోయావు. కానీ ఎడమ కనుగుడ్డు కదిలింది. బొడ్డు వైపు చూడలేదు నువ్వు" అంది.

"ఎవరూ కనిపెట్టలేదత్తయ్యా."

"నేను కనిపెట్టాగా."

కాఫీ పెట్టి ఇస్తూ, సెట్లో గ్లిజరిన్ వేస్తారట కదా, కళ్ళు మండవా అని అడిగింది. మండుతాయని చెప్పాను. "మరి మండితే ఏడుపెలా వస్తుంది?" అంది, నిజంగానే అర్థంకాక.

అంత్యక్రియలకి వెళ్ళలేకపోయాను. మర్నాడు కాంబినేషన్ సీను, హీరో డేట్లు మళ్ళీ దొరకవు. వెళ్ళి ఉండాల్సింది, నాకు తెలుసు. హార్మోనిస్టు గారబ్బాయి ఫోన్‌లో వీడియో పంపాడు. ఎవరో ముసలాయన కూలబడి కాటిసీను పద్యం పాడుతున్నాడు. ముగ్గురు నాన్నల్లో ఎవరో పోల్చుకోలేకపోయాను.

ఆ కాంబినేషన్ సీనులో నేను చేయాల్సింది, మామూలే, చచ్చిపోయి ఉండడం. పెద్ద హాలు, తెల్ల దుప్పటి, బంతిపూలు. ఏసీ ఉంది, చెమట బాధ లేదు. నలభై మంది బంధువులు చుట్టూ. కూతురి వేషం వేసిన అమ్మాయి మంచిపిల్ల, "అంకుల్, ఎక్కడ పట్టుకుని ఏడవను?" అని అడిగింది. "నీ ఇష్టమమ్మా" అన్నాను.

యాక్షన్ అన్నారు. కళ్ళు మూసుకుని బొడ్డు వైపు చూస్తున్నాను. ఊపిరి బిగబట్టాను. ఆ అమ్మాయి ఏడుస్తూ వచ్చి కాళ్ళ దగ్గర కూలబడి, రెండు చేతులతో పాదాలు పట్టుకుంది. వేళ్ళు బిగించి నొక్కింది.

నేను నిండా ఊపిరి పీల్చాను.

"కట్! సార్, పొట్ట కదిలింది."

సారీ చెప్పి లేవబోయాను. మానిటర్ దగ్గరి కుర్రాడు చెయ్యి ఊపాడు. "పడుకోండి సార్, పర్లేదు. మీరు హాయిగా ఊపిరి తీసుకోండి. మేం సీజీలో ఆపేస్తాం."